బెల్టు పెట్టుకుంటే డ్రైవింగ్ మీద నమ్మకం లేనట్టా?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెకు ఇప్పుడు ఆరో నెల, మూడేళ్ళ బాబు ఉన్నాడు, అత్తమామలు కూడా వీళ్ళతోనే ఉంటారు. సొంతూరు సూర్యాపేట దాటి లోపలికి. పొలం పనులకని, పెళ్ళిళ్ళకని నెలకు ఒకటి రెండుసార్లు అందరూ ఒకే కారులో విజయవాడ హైవే మీద వెళ్ళి వస్తారు. ముందు సీట్లో మామయ్య, వెనక అత్తమ్మ, ఈమె. బాబు అత్తమ్మ ఒళ్ళో.

భర్త బెల్టు పెట్టుకోడు. టింగ్ టింగ్ మోత వినలేక బకిల్‌లో ఒక ఇనప క్లిప్పు గుచ్చి పెట్టాడు. పంతంగి టోల్ దగ్గర పోలీసులు కనిపిస్తే మాత్రం బెల్టు లాగి ఒంటి మీద పరుచుకుంటాడు, గుచ్చడు. ఈమె ఒకసారి అడిగితే మామయ్య నవ్వుతూనే, "ఏమ్మా, మావాడి డ్రైవింగ్ మీద నమ్మకం లేదా? రేపు కారు సాగర్ కాలవలో పడితే ఆ బెల్టు ఊడక లోపలే చస్తాం" అన్నారట. వెనక సీటుకైతే బెల్టులే లేవని అత్తమ్మ అంటారు, నిజానికి కారు కొన్న వారానికే వేయించిన మందపాటి సీట్ కవర్ల కింద ఆ బకిల్స్ కూరుకుపోయాయి. ఈమె తనవైపుది ఒక్కటి బయటికి లాక్కుని పెట్టుకుంటున్నారు. "కడుపు మీద అలా బిగిస్తే బిడ్డకు ఊపిరాడద్దా" అని అత్తమ్మ గొడవ, పైగా పైపట్టీ మెడ దగ్గర పుస్తెలతాడు మీద ఒరుసుకుంటుందని దాన్ని చంక కిందుగా తెచ్చుకున్నారు.

పదిరోజుల కిందట నకిరేకల్ దాటాక బర్రె అడ్డం వచ్చింది. సడన్ బ్రేక్. ఒళ్ళో ఉన్న బాబు జారి ముందు సీటు వెనకభాగానికి కొట్టుకున్నాడు, పెదవి చిట్లి రెండు కుట్లు పడ్డాయి. ఇంటికొచ్చాక అత్తమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారు. ఆ తర్వాత దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. వచ్చే నెల సీమంతం, మళ్ళీ అదే కారు, అదే దారి. "గొడవ కాకుండా ఎలా చెప్పాలి? లేక నేనే ప్రయాణం మానుకోవాలా?" అని అడుగుతున్నారు. చివర్లో బ్రాకెట్లో ఇంకో చిన్న ప్రశ్న: పుస్తెలతాడు సంగతేంటి?

ముందు మీ సంగతే మాట్లాడుకుందాం, ఇంట్లో వాళ్ళది తర్వాత. ఆ బ్రేక్ పడినప్పుడు బెల్టు మిమ్మల్ని కూడా గట్టిగా లాగి ఉంటుంది కదా, డాక్టరుకు చెప్పారా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. చెప్పకపోతే రేపే ఫోన్ చేసి చెప్పండి. పైకి ఏమీ కనిపించకపోయినా గట్టి కుదుపుకి లోపల మాయ గర్భసంచి గోడ నుంచి కొంచెం విడే అవకాశం ఉంటుంది, అందుకే గర్భిణులు చిన్న ప్రమాదమైనా అదే రోజు చూపించుకోవాలంటారు. పదిరోజులు బాగానే గడిచాయంటే చాలావరకు భయం లేదనే అర్థం, అయినా విషయం డాక్టరుకు తెలిసి ఉండాలి. నొప్పి, రక్తం కనిపించడం, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించడం, వీటిలో ఏది ఉన్నా ఫోన్లతో కాలయాపన వద్దు, నేరుగా ఆస్పత్రికే.

రెండోది, మీరు బెల్టు పెట్టుకుంటున్నారు గానీ తప్పుగా పెట్టుకుంటున్నారు. కారు ఒక్కసారిగా ఆగితే ఆ దెబ్బ బలమంతా శరీరంలో ఎక్కడో ఒకచోట పడాలి. దాన్ని తట్టుకునేవి గట్టి ఎముకలు, అంటే తుంటి, రొమ్ము ఎముక, భుజం. వాటి మీద పడేలా చేయడానికే బెల్టుకు ఆ ఆకారం. పాతకాలం కార్లలో పొట్టకు అడ్డంగా ఒకే పట్టీ ఉండేది, అది ప్రాణం కాపాడినా కడుపులోని అవయవాలను నలిపేసేది. 1959లో వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు ఇప్పుడు మనం చూస్తున్న మూడు చోట్ల పట్టే బెల్టు తెచ్చింది ఆ తిప్పలు తప్పించడానికే (పేటెంటు తీసుకుని కూడా, మిగతా కంపెనీలను వాడుకోనిచ్చారు, అందుకే ఈరోజు మీ కారులోనూ ఉంది). మీరు పైపట్టీని చంక కిందికి తెచ్చారంటే బోలిన్ పడిన శ్రమంతా వెనక్కి తిప్పినట్టే. దెబ్బ కింది పక్కటెముకల మీద పడుతుంది, వాటి వెనకే కాలేయం, ప్లీహం ఉంటాయి, పైగా భుజాన్ని పట్టుకునేది ఏమీ లేక ఒళ్ళంతా పొట్ట మీదుగా ముందుకు మడుచుకుపోతుంది. మీ పరిస్థితిలో అన్నిటికంటే అదే వద్దు.

సరిగ్గా ఎలాగంటే: కింది పట్టీ పొట్ట మీద కాదు, పొట్ట కింద. తుంటి ఎముకలకు ఆనుకుని, తొడల మొదట్లో కూర్చున్నట్టు ఉండాలి. పై పట్టీ మెడకీ భుజం చివరికీ మధ్యలోంచి దిగి, రొమ్ముల మధ్యగా వచ్చి, పొట్టకి పక్కగా పోవాలి. బకిల్ గుచ్చాక పైపట్టీని ఒకసారి పైకి లాగి వదులు తీసేయండి. మెలిక పడకూడదు. చలికాలం స్వెట్టరూ శాలువా ఉంటే బెల్టు వాటి లోపలికి, ఒంటికి దగ్గరగా. చీర కుచ్చిళ్ళ దగ్గర కింది పట్టీ పైకి జారుతుంటుంది, కూర్చున్నాక ఒకసారి చేత్తో కిందికి నెట్టుకోండి. మధ్యలో కూడా నెట్టుకోవాల్సి వస్తుంది, తొమ్మిదో నెలకి ఇంకా ఎక్కువ.

ఇప్పుడు అత్తమ్మ మాట. బెల్టు బిడ్డను నొక్కేస్తుందని ఆవిడ అనుకోవడంలో తప్పేమీ లేదు, మీరు పెట్టుకున్న తీరు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. పొట్ట కింద పెట్టుకుని చూపించండి, ఆవిడ చేయి పట్టుకుని ఆ పట్టీ ఎక్కడుందో తాకించండి. సగం వాదన అక్కడే తేలిపోవచ్చు. మిగతా సగం మీ డాక్టరుకు వదిలేయండి, ఈసారి చెకప్‌కి వెళ్ళేటప్పుడు అత్తమ్మను కూడా తీసుకెళ్ళి మీరే అడగండి, "మేడం, కారులో బెల్టు పెట్టుకోవచ్చా?" అని. కోడలు చెప్తే వాదన, డాక్టరమ్మ చెప్తే జాగ్రత్త. మన ఇళ్ళల్లో అదొక సౌకర్యం, వాడుకోవడానికి మొహమాటపడొద్దు.

ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది దిష్టి తీయడం. మీరు దాన్ని కొంచెం చిరాకుగా రాశారు. నాకు అలా అనిపించలేదు. బాబు జారింది ఆవిడ చేతుల్లోంచి. ఆ రాత్రి ఆవిడ నిద్రపోయి ఉండరు. దిష్టి అని తీసేస్తే తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. ఇప్పుడు మీరు వెళ్ళి "బాబుకి చైల్డ్ సీటు కొందాం" అంటే ఆవిడకు వినిపించేది "నీ ఒళ్ళో నా కొడుక్కి భద్రత లేదు" అని. గొడవ మొదలయ్యేది అక్కడే, బెల్టు దగ్గర కాదు. కాబట్టి ముందు ఆ భారం దించండి. ఆ బ్రేక్‌కి మీరైనా పట్టుకోగలిగేవారు కాదని చెప్పండి, అది నిజం కూడా. పదమూడు కిలోల పిల్లాడు, గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దేన్నో గుద్ది సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి, ఆ క్షణంలో పిల్లాడిని ఆపడానికి దాదాపు 180 కిలోల బరువుని పట్టుకునేంత బలం కావాలి. క్వింటాలున్నర పైమాటే. వడ్ల బస్తాలు మోసిన మామయ్యను అడగండి, కూర్చున్నచోటు నుంచి, చెప్పా పెట్టకుండా వచ్చి పడే క్వింటాలున్నరను రెండు చేతులతో ఆపగలరేమో. అత్తమ్మ చేతుల్లో లోపం లేదు, ఎవరి చేతులకీ అది సాధ్యం కాదు. మీకు తగిలింది బ్రేక్ దెబ్బ మాత్రమే, అది గుద్దుకోవడం కూడా కాదు.

ఇక మీ వారు, మామయ్య. ఇద్దరి జవాబూ ఒకటే, "డ్రైవింగ్ మీద నమ్మకం లేదా" అని. మీరు దానికి జవాబు చెప్పబోయి ఇరుక్కున్నారు, ఎందుకంటే లేదంటే అవమానం, ఉందంటే మరి బెల్టెందుకు. ఆ ప్రశ్ననే ఒప్పుకోకండి. "మీరు బాగానే నడుపుతారు, బర్రెకి లైసెన్సు లేదు కదా" అనండి. ఆ రోడ్డు మీద మీ వారి చేతిలో లేనివి ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు: ఎదురుగా రాంగ్ సైడ్‌లో లైటు లేకుండా వచ్చే ట్రాక్టరు, టైరు పేలి రోడ్డు వారగా ఆపేసిన లారీ, కోతల టైములో సర్వీస్ రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్ళు. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయిన ప్రమాదం గుర్తుంది కదా. ఖరీదైన కారు, అన్ని హంగులూ ఉన్నాయి. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బతికారు, వెనక కూర్చున్న ఇద్దరూ చనిపోయారు. వెనకవాళ్ళు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

ఆ ఉదాహరణ మీ ఇంట్లో ఇంకో విధంగా కూడా పనికొస్తుంది. బెల్టు లేకుండా వెనక కూర్చున్న మనిషి ఎదురుగా ఉన్న సీటు మీదికి మొత్తం బరువుతో వెళ్ళి పడతారు. మీ కారులో అత్తమ్మ ముందున్నది మామయ్య సీటు. యాభై అయిదు కిలోల మనిషి ఆ క్షణంలో ఏడెనిమిది వందల కిలోల బలంతో ఆయన వీపు మీద పడ్డట్టు. అంటే అత్తమ్మ పెట్టుకునే బెల్టు సగం మామయ్య కోసం. తన కోసం ఏదీ చేసుకోని ఆవిడ (ఆ తరం వాళ్ళంతా అంతే) ఆయన కోసం అంటే చేస్తారేమో, నాకైతే నమ్మకం ఉంది.

కాలవ మాటకి నవ్వకండి. సాగర్ కాలవల్లో కార్లు పడటం మనం పేపర్లో చదువుతూనే ఉంటాం, ఆ భయం గాలిలోంచి పుట్టింది కాదు. కానీ నీళ్ళలో పడటం కూడా ఒక గుద్దుడే. బెల్టు లేకపోతే తల అద్దానికో డ్యాష్‌బోర్డుకో కొట్టుకుని స్పృహ పోతుంది, స్పృహ లేనివాడు ఏ తలుపూ తీయలేడు. బెల్టు ఉన్నవాడు ఎర్ర బటన్ నొక్కుకుంటాడు. తర్వాత తలుపులతో కుస్తీ పట్టకూడదు, బయటి నీటి ఒత్తిడికి అవి రావు, కారు మునగక ముందే పక్క అద్దాలు దించి ముందు పిల్లల్ని బయటికి తోసి తామూ రావాలి. మామయ్యకి ఇంకా అనుమానం ఉంటే బెల్టు కోసే బ్లేడు, అద్దం పగలగొట్టే మొన ఒకే దాంట్లో ఉండే చిన్న సుత్తి లాంటిది దొరుకుతుంది, ఆయన చేతికందేచోట పెట్టండి. తన భయాన్ని పట్టించుకున్నారని ఆయనకు తెలుస్తుంది. అన్నట్టు ఆయన సీటు బాగా వెనక్కి వాల్చి పడుకుంటారని రాశారు. అలా పడుకుంటే బెల్టు పెట్టుకున్నా లాభం తక్కువ, గుద్దినప్పుడు మనిషి పట్టీ కిందనుంచి జారిపోతాడు, కింది పట్టీ తుంటి వదిలి కడుపులోకి దిగుతుంది.

క్లిప్పు సంగతి వేరు. బెల్టు మర్చిపోవడం అలవాటు లోపం, క్లిప్పు గుచ్చడం మాత్రం కారుకి అబద్ధం చెప్పడం. బెల్టు ఉందన్న లెక్క మీదే ఎయిర్‌బ్యాగ్‌ని తయారుచేస్తారు, రెప్పపాటు కంటే తక్కువ సమయంలో అది పేలినట్టుగా విచ్చుకుంటుంది, బెల్టు లేనివాడు అప్పటికే బ్రేక్ దెబ్బకి దాని మీదికి వంగిపోయి ఉంటాడు. ఇలాంటి క్లిప్పుల అమ్మకం మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థే 2023లో ఆదేశాలిచ్చింది, ఆన్‌లైన్ షాపుల నుంచి 13,118 లిస్టింగులు తీసేశారు. మీ వారికి ఫైన్ భయం ఉందని టోల్ గేటు దగ్గర పని చూస్తేనే తెలుస్తోంది కాబట్టి ఇది కూడా చెప్పొచ్చు: 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద బెల్టు లేకపోతే వెయ్యి రూపాయలు, పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని బెల్టుతోగానీ చైల్డ్ సీటుతోగానీ కట్టకపోతే ఇంకో వెయ్యి. వెనక సీటుకీ రూల్ ఉంది. కానీ ఫైన్ వాదన నేనైతే చివరికి దాచుకుంటాను. దాంతో మొదలుపెడితే మళ్ళీ పోలీసుల ముందు పరుచుకునే బెల్టే మిగులుతుంది.

అయితే ఏం చేయాలి? నాకు మూడు నాలుగు దారులు కనిపిస్తున్నాయి, ఏదీ ఖర్చు లేనిది కాదు.

మీ వారితో ఒంటరిగా మాట్లాడటం ఒకటి. కారులో కాదు, వాళ్ళ నాన్న ముందు అసలే కాదు. తండ్రి ముందు భార్య మాట విన్నట్టు కనిపించడం చాలామంది మగవాళ్ళకు బెల్టు కంటే ఎక్కువ బిగుతుగా ఉంటుంది. బాబు కుట్లు చూపించి ఏడవడం, నిలదీయడం వద్దు, ఆయనా లోపల అదే అనుకుంటూ ఉంటారు. ఒక్కటే అడగండి: సీమంతానికి వెళ్ళేలోపు క్లిప్పు తీసేసి, సీట్ కవర్లు ఒకసారి ఊడదీసి మూడు బకిల్స్ పైకి తెమ్మని. ఆదివారం పొద్దున గంట పని. (సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగులు ఉంటే ఆ కవర్లు వాటికీ అడ్డమే, ఎలాగూ విప్పుతారు కాబట్టి చూడమనండి.) మనిషిని మార్చమని అడిగితే మొండికేస్తారు, చేతికి పని ఇస్తే చేస్తారు. ఇందులో ఉన్న చిక్కు, ఆయన సరే అని వాయిదా వేయొచ్చు. అందుకే తేదీ ఉన్న పని అడగమంటున్నాను.

రెండోది, ఎవరితోనూ మాట్లాడకుండా చైల్డ్ సీటు కొనేసి తెచ్చి బిగించడం. కొన్ని వేలవుతుంది. రెండు రోజులు మొహాలు మాడతాయి, తర్వాత అలవాటవుతుంది. మూడేళ్ళవాడికి సీటుకే సొంతంగా అయిదు చోట్ల పట్టే పట్టీలు ఉన్నది తీసుకోండి, ఈసీఈ ఆర్44 లేదా ఆర్129 (పిల్లల సీట్ల భద్రతా ప్రమాణాలు) అని నారింజ రంగు లేబుల్ ఉందో లేదో చూడండి. మీ కారు వెనక సీటు సందులో వేలు పెట్టి చూస్తే రెండు ఇనప కొక్కేలు తగిలితే ఐసోఫిక్స్ ఉన్నట్టు, సీటు దానికే తగిలించొచ్చు, లేకపోతే కారు బెల్టుతో కట్టొచ్చు. బిగించాక కదిపితే అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. పట్టీ మీద రెండు వేళ్ళతో మడత పట్టుకోబోతే దొరకకూడదు. ముందు సీట్లో మాత్రం వద్దు. వాడు మొదటి రెండు ప్రయాణాలు ఏడుస్తాడు, అత్తమ్మకి మనసు కరుగుతుంది, చిట్యాల దాకా అయినా ఓర్చుకోవాలి. ఆ తర్వాత వాడే పోలీసవుతాడు, "తాతా బెల్టు" అని వాడు అంటే మామయ్య ఏ కాలవ కథా చెప్పలేరు. దీనిలో నష్టమల్లా, అడగకుండా చేశానన్న మాట కొన్నాళ్ళు పడాలి.

మూడోది మీరు అడిగిందే, ప్రయాణం మానుకోవడం. మీరూ బాబూ బస్సులో వెళ్ళొచ్చు, సూర్యాపేటకి బస్సులకు కొదవ లేదు. కానీ ఆరో నెలలో కోడలు బస్సెక్కి, వెనకాలే అత్తమామలు కారులో వస్తే ఊళ్ళో ఏమనుకుంటారో మీకు తెలుసు, అది బెల్టు గొడవగా ఉండదు, ఇంకేదో అయిపోతుంది. పైగా కారు అలాగే మిగిలిపోతుంది, మీ వారు రోజూ ఆఫీసుకు వెళ్ళేది అందులోనే. మిగతావి పనిచేయకపోతే బాబు వరకు మాత్రం గీత గీయండి: వాడు కట్టకుండా కారు ఎక్కడు, అంతే. పెద్దవాళ్ళు తమ ప్రాణం గురించి తామే నిర్ణయించుకుంటారు, వాడు నిర్ణయించుకోలేడు. ఆ ఒక్కచోట కోడలు గట్టిగా ఉంటే కాలక్రమంలో ఇల్లు ఒప్పుకుంటుంది, కానీ ఆ మధ్యకాలం చల్లగా ఉండదని ముందే చెప్తున్నాను.

హైవే మీద మాత్రమే పెట్టుకుందాం, ఊళ్ళో తిరిగేటప్పుడు వద్దు అని వాళ్ళు రాజీకి రావొచ్చు. ఒప్పుకుంటారో లేదో మీ ఇష్టం, ఏమీ లేనిదానికంటే నయమే. గంటకు 50లో గుద్దుకోవడమంటే దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, మూడో అంతస్తు నుంచి పడ్డంత దెబ్బ అని మాత్రం గుర్తుంచుకోండి, 50 మన కాలనీ దాటగానే వచ్చేస్తుంది.

మీరు రాయని విషయం ఒకటి. ఇప్పుడు కారులో సరిగ్గా అయిదుగురు, అయిదు బెల్టులు. కాన్పయ్యాక తల్లిగారింటి నుంచి వచ్చేటప్పుడు ఆరో మనిషి ఉంటుంది, ఎంత చిన్నదైనా తనకీ ఒక సీటు కావాలి. పసిబిడ్డ సీటు వెనక్కి తిరిగి ఉండేది, వెనక సీట్లోనే. శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని రావడం మనకు అలవాటు, కానీ బాబు విషయంలో చేతుల లెక్క ఇప్పుడే చూశాం కదా. అప్పుడు ఎవరో ఒకరు బస్సెక్కాల్సిందే, ఎవరన్నది ఇప్పటి నుంచే నెమ్మదిగా మాటల్లో పెట్టండి. పాత సీటు ఎవరైనా ఇస్తామంటే, అది ప్రమాదంలో లేని కారుదని మీకు ఖాయంగా తెలిస్తేనే తీసుకోండి.

పుస్తెలతాడు సంగతి. పట్టీ మెడకి ఒరుసుకుంటుందంటే దాని ఎత్తు మీకు సరిపోలేదన్నమాట, చంక కిందికి తేవడం దానికి మందు కాదు. ముందు సీట్లయితే పక్కనున్న స్తంభం మీద పట్టీని పైకీ కిందికీ జరిపే బటన్ చాలా కార్లలో ఉంటుంది. వెనక సీట్లో అది సాధారణంగా ఉండదు, కొంచెం లోపలికి, మధ్యవైపు జరిగి నిటారుగా కూర్చుంటే పట్టీ మెడ వదిలి భుజం మీదికి వస్తుంది. బజారులో పట్టీని కిందికి లాగి పట్టే ప్లాస్టిక్ క్లిప్పులు అమ్ముతారు, అవి వద్దు, వదులు మిగిల్చేస్తాయి. తాడు జాకెట్టు లోపలికి వేసుకుని, పుస్తెలు పట్టీ కింద నలగకుండా పక్కకి సర్దుకుని అప్పుడు బెల్టు గుచ్చండి. అత్తమ్మకి కూడా అలాగే సర్ది చూపించండి, ఆవిడది మీకంటే బరువైన తాడు అని రాశారుగా.